అమ్మ చేతికి మెనూ కార్డు

నాన్న పోయిన ఏడాదిలోపే అమ్మ ఆరు కిలోలు తగ్గిపోయింది. పరీక్షలన్నీ చేయించాం. షుగరు ఎప్పట్నుంచో ఉన్నదే, అదీ అదుపులోనే ఉంది. కొత్తగా ఏ జబ్బూ లేదన్నారు. డాక్టరు గారు రిపోర్టులు పక్కన పెట్టి, "ఏం తింటున్నారమ్మా?" అని అడిగారు. "అన్నీ తింటానండీ" అంది అమ్మ, బళ్ళో చిన్నపిల్ల పాఠం అప్పజెప్పినట్టు.

ఆ 'అన్నీ' ఏమిటో ఒకరోజు ఫోన్ చెయ్యకుండా వెళ్ళినప్పుడు చూశాను. మధ్యాహ్నం రెండున్నర. నల్లకుంటలో అమ్మ ఒక్కతే ఉండే ఇల్లు. వంటింట్లో గట్టు పక్కన నిలబడి, గిన్నెలో అడుగున ఉన్న అన్నంలోనే మజ్జిగ పోసుకుని, మాగాయ ముక్క నంజుకుని తింటోంది. కంచం కూడా పెట్టుకోలేదు. "ఒక్కదానికి వంటేమిటే? మళ్ళీ ఆ అంట్లెవరు తోముతారు?" అంది, తప్పు చేస్తూ దొరికిపోయినట్టు గిన్నె పక్కకి జరుపుతూ.

యాభై ఏళ్ళు రెండు పూటలా పదిమందికి వండిన మనిషి. మా ఇంట్లో అట్లు వేసే రోజున అందరం వేడివేడిగా తినేవాళ్ళం. పెనం మీంచి తీసినది తీసినట్టు ఎవరో ఒకరి కంచంలోకి వెళ్ళిపోయేది. అందరివీ అయ్యాక అమ్మ ఆఖరి రెండు అట్లు వేసుకుని, ఈలోగా ఎవరో మంచినీళ్ళడిగితే ఇచ్చి, ఎవరికో చొక్కా గుండీ కుట్టి, అప్పుడు కూర్చునేది. ఆమె అట్టు ఎప్పుడూ చల్లారిందే. అది మాకెవ్వరికీ వింతగా అనిపించలేదు. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, నిజం అదే.

మా ఇంటికి వచ్చి ఉండమంటే రాదు. కూరలు వండి డబ్బాల్లో పంపిస్తే ఫ్రిజ్‌లో దాచి, ఆదివారం నేను వెళ్ళినప్పుడు నాకే వేడిచేసి వడ్డిస్తుంది. వంటమనిషిని పెట్టాం. పదిరోజులు తిరక్కుండానే అమ్మే ఆవిడకి వండిపెట్టడం మొదలుపెట్టింది! "పాపం, పొద్దున్నే ఏమీ తినకుండా వస్తోందే" అని.

అప్పుడు తట్టింది నాకు. అమ్మకి లేనిది వంట కాదు. తన ముందు ఎవరో కంచం పెట్టి, కూర్చోమనడం లేదు. సరే, అలాంటి చోటికే తీసుకెళ్దాం అనుకున్నాను. ఊరినిండా హోటళ్ళే కదా. ప్రతి శనివారం ఒక పూట బయట. పెద్ద పెద్ద స్టార్ హోటళ్ళు కాదు. టిఫిన్ హోటళ్ళు, ఇరానీ చాయ్, ఐస్‌క్రీమ్. మామూలు మనుషులు మామూలుగా తినే చోట్లు.

మొదటి శనివారం వీధి చివర టిఫిన్ హోటల్‌కి వెళ్ళాం. నాలుగడుగుల దూరం. ఇరవై ఏళ్ళుగా ఆ బోర్డు ముందు నుంచే కూరగాయలకి వెళ్తోంది అమ్మ. లోపలికి అడుగు పెట్టడం అదే మొదటిసారి. సర్వరు వచ్చి మెనూ కార్డు అమ్మ ముందు పెట్టాడు. అమ్మ దాన్ని నావైపు తోసింది. "నువ్వే చెప్పు. నాకేదైనా ఫరవాలేదు."

"నీకేం కావాలమ్మా?"

"ఏది తొందరగా అయితే అది. వాళ్ళకి పని తగ్గుతుంది."

ఇడ్లీ చెప్పాను. వచ్చాక నా ప్లేటులోకి చట్నీ వెయ్యబోయింది. "సాంబారు చాలా?" అని నన్నే అడిగింది. తన ప్లేటు ముట్టలేదు. "అమ్మా, ఇక్కడ వడ్డించడం మన డ్యూటీ కాదు" అంటే నవ్వి, ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకుంది. ఇక వంటావిడ నిద్ర లేచింది. "పప్పు తక్కువైంది. రవ్వ లావు. సాంబారులో బెల్లమెందుకే?"

సాంబారులో బెల్లం కథ కొంచెం నాకు తెలుసు. మన ఊళ్ళలో ఈ టిఫిన్ హోటళ్ళను అలవాటు చేసినవాళ్ళలో కర్ణాటక తీరంలోని ఉడిపి నుంచి వచ్చినవాళ్ళు ముఖ్యులు. కృష్ణుడి గుడి, అక్కడి వంటశాలలు, ఆ రుచి. వాళ్ళ సాంబారులో తీపి తగులుతుంది. అబిడ్స్‌లో తాజ్‌మహల్ హోటల్ లాంటి పాత చోట్లలో కూర్చుని కాఫీ తాగినవాళ్ళందరికీ ఆ రుచి తెలుసు. ఇదంతా చెప్తే అమ్మ శ్రద్ధగా వింది. విని, తనూ ఒకటి చెప్పింది.

"విజయవాడలో బాబాయ్ హోటల్ లేదూ, గాంధీనగర్‌లో? కోర్టు పని మీద వెళ్ళినప్పుడల్లా మీ నాన్న అక్కడ తినేవారు. ఇడ్లీ మీద వెన్న వేసి ఇస్తారట. నోట్లో పెట్టుకుంటే కరిగిపోతుందట. ఎన్నిసార్లు చెప్పారో."

"నువ్వెప్పుడైనా తిన్నావా?"

"నేనెక్కడ తింటాను? ఆయన తిన్నారు. నేను విన్నాను."

కోపంగా అనలేదు. దెప్పుతున్నట్టు కూడా అనలేదు. తెనాలి నుంచి విజయవాడ ఎంత దూరమో చెప్పినంత మామూలుగా అంది. నా గొంతులో మాత్రం ఇడ్లీ దిగలేదు. నాన్న చెడ్డవారేం కాదు. వచ్చేటప్పుడు పిల్లలకి బిస్కెట్లు, అమ్మకి మల్లెపూలు తెచ్చేవారు. అమ్మని కూడా తీసుకెళ్ళి ఆ బల్ల ముందు కూర్చోబెట్టవచ్చన్న ఊహ ఆయనకి రాలేదు. తీసుకెళ్ళమని అడగవచ్చన్న ఊహ అమ్మకీ రాలేదు. హోటలంటే పనిమీద వెళ్ళిన మగవాళ్ళు ఆకలి తీర్చుకునే చోటు. ఆడవాళ్ళకి ఇల్లుంది కదా!

ఆ తరవాత రెండు శనివారాలు నా తెలివితేటలకి గండి పడింది. 'మంచి చోటికి' తీసుకెళ్దామని ఒక మాల్‌లో పై అంతస్తులో ఉన్న రెస్టారెంటుకి తీసుకెళ్ళాను. మెనూ కార్డు లేదు. బల్ల మీద అంటించిన గళ్ళ చతురస్రాన్ని ఫోన్‌తో స్కాన్ చెయ్యాలట. అమ్మది బటన్ల ఫోను. నా ఫోన్‌లో చూపిస్తే అక్షరాలు చీమల్లా ఉన్నాయి. పాటల హోరు సరేసరి. "వీళ్ళకి చెవుడేమో పాపం" అంది అమ్మ. ఎత్తు స్టూలు మీద కాళ్ళు వేలాడేసుకుని, పడిపోతానేమోనని బల్ల పట్టుకుని తింది. మరోచోట రుచి బాగానే ఉంది కానీ బాత్రూముకి ఇరుకు మెట్లు దిగాలి. మోకాళ్ళ నొప్పులున్న మనిషి. దాంతో మంచినీళ్ళు తాగకుండా కూర్చుంది. ఆ సంగతి ఇంటికొచ్చాక గానీ చెప్పలేదు.

అప్పట్నుంచి నాకు కొన్ని లెక్కలు ఏర్పడ్డాయి. మీ ఇంట్లోనూ పెద్దవాళ్ళుంటే పనికొస్తాయని చెప్తున్నాను. రుచి కన్నా ముందు కుర్చీ చూడండి. వెనక ఆనుకోవడానికి ఉండాలి, పాదాలు నేలకి ఆనాలి. బాత్రూము అదే అంతస్తులో ఉందో లేదో ఫోన్‌లోనే కనుక్కోండి. టిఫిన్‌కి పదిన్నరకి, సాయంత్రానికి నాలుగింటికి వెళ్ళండి. రద్దీ ఉండదు, సర్వరుకి మనతో మాట్లాడే తీరికుంటుంది. కాగితం మెనూ అడగండి. చాలాచోట్ల కౌంటరు కింద ఒకటి ఉంటుంది. షుగరు మాత్రలు వేసుకునేవాళ్ళయితే ఆకలి మీద ఎక్కువసేపు నిరీక్షించేలా చెయ్యకండి. ఇక ఆఖరిది, నాకు ఆలస్యంగా అర్థమైంది: ఆర్డరు వాళ్ళని చెప్పనివ్వండి. ఎంతసేపు పట్టినా సరే.

నాలుగో శనివారం అబిడ్స్ వైపు ఒక పాత ఇరానీ హోటల్‌కి వెళ్ళాం. ఇరాన్ నుంచి బొంబాయి, పూనా మీదుగా మన ఊరికి వచ్చి స్థిరపడ్డవాళ్ళు పెట్టిన హోటళ్ళు ఇవి. పాలరాతి పలక బల్లలు, వంపు తిరిగిన చెక్క కుర్చీలు. ఇప్పుడు చాలావరకు మూతపడ్డాయి. ఉన్నవాటిలో కొన్ని బేకరీలుగా, బిర్యానీ హోటళ్ళుగా మారాయి. గుమ్మం దగ్గర అమ్మ ఆగిపోయింది. "అందరూ మగవాళ్ళే ఉన్నారే."

నిజమే. పాతరోజుల్లో ఇలాంటి చోట్ల ఆడవాళ్ళకి 'ఫ్యామిలీ రూమ్' అని విడిగా ఉండేది. చెక్క తడికలు, తెర. ఆ తెర వెనక మొగుడూ పిల్లలతో కూర్చోవచ్చు. ఒంటరిగా వచ్చిన ఆడమనిషికి ఏ గది అన్నది ఎవరూ ఆలోచించినట్టు లేదు. మేం వెళ్ళిన చోట ఇప్పుడు తెరలు లేవు. ఖాళీ బల్ల కూడా లేదు. ఒక పెద్దాయన ఒక్కరే కూర్చున్న బల్ల దగ్గర రెండు కుర్చీలున్నాయి. ఆయన మమ్మల్ని చూసి, చదువుతున్న ఉర్దూ పేపరు మడిచి, "బైఠియే అమ్మా" అని జరిగారు. అమ్మ కొంగు సర్దుకుని, కుర్చీ అంచున కూర్చుంది.

"క్యా హోనా అమ్మా?" అన్నాడు సర్వరు. అమ్మకి హిందీ రాదు. "చాయ్" అంది. అది అమ్మ జీవితంలో హోటల్లో స్వయంగా ఇచ్చిన మొదటి ఆర్డరు అని నాకు ఆ క్షణంలో తట్టలేదు. ఇంటికొచ్చాక తట్టింది.

ఇరానీ చాయ్‌ని మన ఇంటి టీలా పాలూ నీళ్ళూ కలిపి మరిగించరు. డికాక్షన్ ఒకచోట మూతపెట్టి సన్నసెగ మీద గంటల తరబడి మగ్గుతుంది. పాలు విడిగా మరిగి చిక్కబడతాయి. కప్పులో ముందు డికాక్షన్, పైన పాలు. పాలు ఎక్కువ కావాలంటే 'పౌనా' అనాలి. పక్కనే ఉస్మానియా బిస్కెట్, కాస్త ఉప్పగా, కాస్త తియ్యగా. చక్కెర తక్కువగా ఇమ్మంటే కుదరదు. ముందే కలిసిపోయి ఉంటుంది. అందుకని ఒక చాయ్ తెప్పించి ఇద్దరం పంచుకున్నాం. అమ్మ సాసరులో పోసుకుని ఒక గుక్క తాగి, కళ్ళు మూసుకుంది. "పాలు చాలాసేపు కాచారే. గోకి కలిపారు. ఓపికున్న చెయ్యి" అంది. ఇడ్లీకి పెట్టిన వంకలేవీ ఇక్కడ పెట్టలేదు.

ఆ పెద్దాయనకి తెలుగు బాగానే వచ్చు. రోజూ ఇదే వేళకి, ఇదే బల్ల దగ్గర కూర్చుంటారట. "ఇంట్లో చాయ్ లేక కాదమ్మా. ఇంట్లో నాతో కూర్చునేవాళ్ళు లేక" అన్నారు నవ్వుతూ. అమ్మ ఏమీ అనలేదు. కానీ తన ప్లేటులోని బిస్కెట్ ఒకటి ఆయన సాసరు పక్కన పెట్టింది. వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి ఆ బల్ల వైపు చూసింది.

అక్టోబరులో మొజంజాహీ మార్కెట్‌కి తీసుకెళ్ళాను. అమ్మకి పండ్ల మీద ఆశ, నాకు ఐస్‌క్రీమ్ మీద. నిజాం ఉస్మాన్ అలీఖాన్ రెండో కొడుకు మొజంజా పేరు మీద 1935లో కట్టిన రాతి మార్కెట్ అది. గడియారపు గోపురం, చుట్టూ కమానులు. మధ్యలో బాగా పాడుబడితే బాగుచేసి 2020లో కొత్త రూపు తెచ్చారు. ఎదురుగానే కరాచీ బేకరీ. దేశ విభజనప్పుడు సింధ్ నుంచి వచ్చిన కుటుంబం 1953లో పెట్టింది. తెల్లవారకముందే వెన్న దోసెలు వేసే రామ్ కీ బండీ కూడా ఆ చుట్టుపక్కలదే. ఆలోచిస్తే విచిత్రం. ఉడిపి వాళ్ళ ఇడ్లీ, ఇరానీల చాయ్, సింధీల బిస్కెట్. ఊరు విడిచి వచ్చినవాళ్ళు పెట్టిన బల్లల మీదే ఈ ఊరు తినడం నేర్చుకుంది.

మార్కెట్లో ఫేమస్ ఐస్‌క్రీమ్ వాళ్ళది 1951 నాటి దుకాణం. ఏ కాలానికి ఆ పండు. ఎండాకాలం మామిడి, ఇప్పుడు సీతాఫలం. పాలమూరు వైపు నుంచి బుట్టల్లో దిగే పళ్ళు. ఇక్కడి పాత పద్ధతి ఐస్‌క్రీమ్ చెక్క తొట్లలో చిలికి చేసేది. తొట్టిలో ఐసు, ఉప్పు. మధ్యలో పాల డబ్బా. ఉప్పు కలిస్తే ఐసు కరుగుతూనే సున్నా డిగ్రీల కన్నా కిందికి చల్లబడుతుంది. డబ్బా గోడకి గడ్డకట్టినదాన్ని చిలుకుతూ ఉంటే ఐస్‌క్రీమ్ అవుతుంది. చెప్తే అమ్మ వెంటనే అందుకుంది. "వెన్న తీసినట్టే కదా. అక్కడ వేడినీళ్ళు, ఇక్కడ ఉప్పు."

షుగరు సంగతి డాక్టరు గారిని ముందే అడిగాను. "నెలకోసారి చిన్న కప్పు, ఆ పూట అన్నం తగ్గించి, తరవాత కాసేపు నడిపించండి" అన్నారు. అది మా అమ్మకి చెప్పిన మాట, మీ డాక్టరుని మీరు అడగండి. కౌంటరు దగ్గర నేను "ఒక సీతాఫలం, రెండు స్పూన్లు" అన్నాను. ఇరానీ చాయ్ లాగే పంచుకుందామని.

వెనక నుంచి అమ్మ గొంతు. "నాకు వేరే చెప్పు."

తిరిగి చూశాను.

"నాకు వేరే కప్పు. చిన్నదే. నీతో పంచుకుంటే నీకెంత మిగిలిందా అని చూసుకుంటూ తినాలి."

మార్కెట్ ముంగిట్లో కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. గింజలు తీసిన సీతాఫలం గుజ్జు పంటి కింద తగులుతోంది. అమ్మ మాట్లాడకుండా, నావైపు చూడకుండా, తన కప్పు తను ఆఖరి చెంచా దాకా తింది. "ఎలా ఉంది?" అంటే, "పండే ఎక్కువుంది, చక్కెర తక్కువే" అని తీర్పు ఇచ్చింది. తరవాత మార్కెట్ చుట్టూ రెండుసార్లు నడిచాం, డాక్టరు గారి మాట ప్రకారం.

ఇంకోసారి ఖుబానీ కా మీఠా తినిపించాను, రెండే చెంచాలు. ఎండు ఖుబానీ పళ్ళు రాత్రంతా నానబెట్టి, ఉడికించి, పైన మీగడ వేసి ఇస్తారు. గింజ పగలగొట్టి లోపలి పప్పు కూడా పైన అలంకరిస్తారు. అమ్మకి అదే నచ్చింది. "పప్పు కూడా పారెయ్యలేదు చూడు. ఎవరో ఇంటి ఇల్లాలే కనిపెట్టి ఉంటుంది." బిల్లు చేతికి తీసుకుని కళ్ళజోడు పెట్టుకుంది. రెండున్నర శాతం కేంద్రానికి, రెండున్నర శాతం రాష్ట్రానికి అని ఐదు శాతం జీఎస్టీ చదివి, "నేనూ వండినన్నాళ్ళూ మీ దగ్గర వసూలు చేసి ఉంటే బాగుండేది" అంది. నవ్వుతూనే అంది. నేనూ నవ్వాను, కొంచెం ఆలస్యంగా.

ఈ శనివారాలతో అమ్మ బాధంతా తీరిపోయిందని చెప్పను. నాన్న లేని లోటు ఇడ్లీతో పూడదు. ఇంట్లో మిగతా పూటలు ఇప్పటికీ మజ్జిగన్నమే ఎక్కువ. కాకపోతే కంచంలో పెట్టుకుని, కూర్చుని తింటోందట. పనమ్మాయి చెప్పింది. కిలోన్నర పెరిగింది.

పోయిన బుధవారం పొద్దున తొమ్మిదిన్నరకి రోజూలాగే ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. ఎత్తలేదు. నాలుగోసారికి నా కాళ్ళు వణుకుతున్నాయి. పక్కింటి వాళ్ళకి చెయ్యబోతుండగా తనే చేసింది. వెనక గిన్నెల చప్పుడు, ఎవరో "రెండు వడా పార్సిల్!" అని అరుస్తున్నారు.

"ఎక్కడున్నావమ్మా?"

"వీధి చివర హోటల్లో."

"ఎవరితో వెళ్ళావు?"

"ఎవరితో ఏమిటి? నేనే వచ్చాను. టేబుల్ ఖాళీ లేకపోతే కాలేజీ అమ్మాయి ఒకతె కూర్చోమంది. పరీక్షలట పాపం, పుస్తకం చూసుకుంటూ తింటోంది."

"ఏం చెప్పావు?"

"పెసరట్టు. ఉల్లిపాయ వద్దన్నాను, అల్లం ఎక్కువ వెయ్యమన్నాను. సాంబారు తేవద్దని ముందే చెప్పాను."

"బాగుందా?"

"అల్లప్పచ్చడిలో చింతపండు ఎక్కువైంది, చెప్పాలి వీళ్ళకి. సరే, ఇక ఫోన్ పెట్టెయ్యవే, అట్టు చల్లారిపోతోంది."